నాలుగు బల్లలు, ఒక సీసా

పెదజాలారిపేటలో రోడ్డు ఇసకలోకి దిగిపోయే చోట
నావి నాలుగు బల్లలు.
ఒకటి కుంటిది. దాని కాలి కింద
నాన్న తెప్పలో మిగిలిన దుంగ ముక్క.
కెరటం పెద్దదొస్తే ఆ బల్ల కాడ కూర్చున్నోళ్ళు
కాళ్ళు పైకెత్తుకుని తింటారు.
డబ్బులు మాత్రం దింపుకునే ఇస్తారు.

మా తమ్ముడు ఎల్లాజీ ఓడ మీద వంటోడు.
పద్నాలుగు నెలలకి దిగీసినాడు,
గడ్డం నెరిసి, చేతిలో ఒక పచ్చ సీసా.
మూత తీసి వాసన సూసినాను.
"ఓరి గుంటడా, ఇది పసిపిల్లలకి ఒళ్ళు రుద్దే నూనె కదరా,
ఇప్పుడు నా ఒళ్ళో ఎవుర్ని ఎడతావు?"

మాల్టా అంట. దీవంట.
ఈ చివర తుమ్మితే ఆ చివర చిరంజీవ అంటారంట.
ఓడ కడుపులో ఏదో ఇరిగి పదకొండు రోజులు అక్కడే.
పొద్దు వాలగానే
రేవు పక్కన బల్లేసుకున్న ఒక ముసిలమ్మ దగ్గర
కూర్చునేవోడంట.
భాష లేదు. వేలు సూపిస్తే చేప.
అక్కడి పడవలకి ముక్కుకి అటొకటి ఇటొకటి కళ్ళు గీస్తారంట,
తోవ తప్పకుండా.
"మన నాన్న తెప్పకి పసుపు రాసినాడు, బొట్టెట్టినాడు గానీ
కళ్ళు ఎట్టలేదు కదే అక్కా" అన్నాడు.

నాను నెత్తళ్ళు కడుగుతున్నాను.
కడిగినవే మళ్ళీ కడిగినాను.

మర్నాడు పొయ్యి వాడే లాక్కున్నాడు.
హార్బర్ నుంచి కవళ్ళు తెచ్చి
పులుసెట్టలేదు, కారం రాయలేదు.
నిప్పుల మీద కాల్చి, ఉప్పు, నిమ్మకాయ,
పైన ఆ సీసాలోది సన్నటి ధార.
రొట్టెకి టమాటా రుద్ది పక్కనెట్టి, తిను అన్నాడు.
తిన్నాను.
చేప చేపలాగే ఉంది.
నీళ్ళలోంచి మన దగ్గరికి సగం దూరం వచ్చి
ఆగి సూస్తున్నట్టుంది.
అంత మాట నా నోటికి రాలేదు.
"జొరమొచ్చినోళ్ళకి బాగుంటాది" అన్నాను.

శనివారం మధురవాడ కంపెనీ పిల్లలొచ్చినారు.
ఒక కళ్ళజోడు పిల్ల
వాడి రొట్టె ముక్కని తీసుకెళ్ళి
నా కానాగంతల చింతకాయ పులుసులో ముంచీసింది.
వాడు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.
వేళ్ళు నాక్కుంటూ ఆ పిల్ల
దీన్నేమంటారండీ అని అడిగితే
ఇద్దరికీ పేరు తోచలేదు.

రాత్రి గిన్నెలు తోమేటప్పుడు చెప్పినాడు సీసా సంగతి.
కొన్నది కాదంట.
ఆఖరి రోజు జేబులోంచి నాను కట్టిచ్చిన
ఎండునెత్తళ్ళ కారప్పొడి తీసి చేప మీద జల్లుకుంటే
ముసిలమ్మ వేలుతో అద్దుకుని నాలిక్కి రాసుకుందంట.
కళ్ళమ్మట నీళ్ళు, ముక్కమ్మట నీళ్ళు,
చెంబుడు నీళ్ళు తాగి, తిట్టి,
మళ్ళీ అద్దుకుందంట.
పొట్లం మొత్తం గౌను జేబులో దోపేసుకుని
లోపలికెళ్ళి ఈ సీసా తెచ్చి బల్ల మీద ఎట్టిందంట.
"పేరైనా అడిగేవేట్రా?"
"అడిగినాను. తుమ్మింది."

ఎవరికి తెలుసు, ఆ ఊరి రేవులో
ఏ సన్నాసి నోరు మండుతోందో
నా రోకటి పోటుకి.

సీసా అడుక్కొచ్చింది. వాడికి మళ్ళీ ఓడ కాగితాలొచ్చినాయి.
ఈసారి పొట్లాలు రెండు కట్టినాను,
ఆ దీవి కేసి ఎల్తాదో లేదో ఓడకే తెలీదు.

వాడెళ్ళిన రాత్రి బల్లలు తుడుస్తూ వంగితే
కుంటి బల్ల కింద దుంగ ముక్క మీద
నీలం రంగుతో రెండు కళ్ళు.
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వాడికి బొమ్మలెప్పుడూ రాలేదు.
సముద్రం కేసి సూస్తున్నాయి.

బల్ల ఎత్తి పట్టుకుని, కాలితో తోసి,
దుంగని పొయ్యి కేసి తిప్పీసినాను.