ఒకటికి మూడు

పగలు అది మా బాబాయి ఫోను.
స్టోన్‌హౌస్‌పేటలో ధాన్యం కమీషన్ కొట్టు.
పుట్టి ఎంత, మొలగొలుకులున్నాయా, లారీ బయల్దేరిందా,
పొద్దుగూకేదాకా ఆ తీగలో ఇవే మాటలు.
రాత్రి పదికి షట్టరు సగం దించి
తాళంచెవి నా అరచేతిలో పెట్టేవాడు:
"బిల్లు పెరిగిందో, పెరికి పారేస్తా అబ్బయా, చెప్తుండా."
వచ్చే ఫోనుకు మనకు బిల్లు పడదని
ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు.

బస్తాల సందున ఒక బల్ల,
నలభై మెగాబైట్ల డిస్కు, ఇరవైనాలుగొందల మోడెం,
ఒక్కటే లైను. ఒకరు లోపలుంటే
జిల్లా మొత్తానికీ ఎంగేజ్.
రింగు రెండుసార్లు మోగి ఆగేది.
ఇసుకలో బొరుగులు వేగే చప్పుడు,
అది సన్నబడి తెగిందంటే
ఎవరో వచ్చినట్టు.

హమాలీ మస్తానయ్య కొన్ని రాత్రులు కొట్లోనే పడుకునేవాడు.
"ఏంది సామీ, రేయంతా నువ్వు చేసే పని?"
"నీ పనే. ఎక్కించడం, దించడం."
"బరువెంత?"
"మూడొందల కేబీ. దిగేదానికి ఇరవై నిమిషాలు."
నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.
"ఆ టయానికి నేను లారీ సగం దించుతా."

నా బస్తాలు దారిలో చిరిగేవి కూడా.
తొంభైనాలుగు శాతం దాకా వచ్చాక
ఎవరింట్లోనో అత్తగారు ఫోనెత్తి
"అలో, ఎవురూ?" అంటే
తెర మీద పిచ్చి అక్షరాలు కురిసి
లైను చచ్చిపోయేది. మళ్లీ మొదట్నించి.
ఆగిన చోటే అందుకునే ప్రోగ్రామొకటి
కావలి నుంచి ఖలీలు పంపిందాకా
అన్నీ మొదట్నించే.

ఖలీలుది పెళ్లికార్డుల ప్రెస్సులో కంపోజింగు.
తెలుగు ఫాంటుని తొమ్మిది ముక్కలు చేసి
తొమ్మిది రాత్రులు ఎక్కించాడు.
ఏడో ముక్క పాడైంది. వారం పాటు
మా బోర్డులో 'ళ' లేదు,
పెళ్లి అని రాయలేకపోయాం.

నియమం మొదటి తెరమీదే పెట్టా:
ఒకటెక్కిస్తే మూడు దించుకో.
ఒకడు మాత్రం, ఇసకపల్లి రొయ్యల మేత ఆఫీసు నుంచి,
పదకొండు దాటాక, పావు రేటులో వచ్చి
దించుకుని పోయేవాడు, దించుకుని పోయేవాడు.
పేరు తూపిలి దశయ్య. ఎక్కించినవి సున్న.
మర్యాదగా ఒక జాబు పెట్టా. గట్టిగా ఇంకోటి.
ఆఖరికి గేటు మూసేశా.
"నా దెగ్గిర ఏముంటాయి సార్,
రొయ్యల లెక్కలు తప్ప" అని వచ్చింది జవాబు.
"అయ్యే ఎక్కించు" అన్నా,
ఎగతాళిగానే అన్నా.

ఆ రాత్రే వచ్చింది. పదకొండు కేబీ.
నిమిషం పట్టలేదు.
నాలుగో నంబరు గుంట. తేదీ, ఉప్పు శాతం, మేత కిలోలు,
చివర ఒక మాటకు చోటు.
"ట్రేలో మేత ఖాళీ. బాగుంది."
"మేత ఖాళీ. బాగుంది."
"వాన. ఉప్పు తగ్గింది. బాగుంది."
ఎనభై వరసలు కిందికి జరిపాక
"మేత మిగిలింది."
"కట్ట వారన నాలుగు. పెంకు మీద తెల్ల చుక్కలు."
"కట్ట వారన. లెక్కపెట్టలేదు."
ఆ కింద పదమూడు వరసల్లో తేదీలే ఉన్నాయి,
ముందుగా కొట్టి పెట్టుకున్నవి.

గేటు వెంటనే తీశా. అతను రాలేదు.
ఫైలు ఏ అరలో పెట్టాలో తోచలేదు,
ఆటల్లో కాదు, ఫాంట్లలో కాదు,
'ఇతరములు' అని కొత్త అర తెరిచా.
నెలలోపు దాన్ని పధ్నాలుగు మంది దించుకున్నారు.
అల్లూరు నుంచి, కోట నుంచి, ఒకాయన ఒంగోలు నుంచి,
ఒక్కరూ మాటైనా రాయలేదు.
డిస్కు నిండిన ప్రతిసారీ ఏదో ఒకటి చెరపాలి:
చదరంగం చెరిపా, విమానాల ఆట చెరిపా,
ఆ పదకొండు కేబీ జోలికి పోలేదు.

ఆరుకు బాబాయి షట్టరెత్తేవాడు.
మోడెం తీగ పీకి ఫోను తగిలించగానే
ఎవరో, పుట్టి ఎంత అని.

సభ్యుల పట్టీలో ఆ వరస అట్నే ఉండింది.
తూపిలి దశయ్య. ఎక్కించినవి: ఒకటి.
ఇంకా దించుకోవలసినవి: మూడు.