గోనె మీద దేశం

గోనె మీద నీలం అచ్చులు సగం చెరిగిపోయాయి.
గుమస్తా జోగారావు కూడబలుక్కుని చదివాడు:
గినీ... బిస్సావ్.
"ఊరేటి? మనిసేటి?" అంది ఢిల్లమ్మ.
"దేశమే. నేల మన జిల్లాకి ఆరేడింతలు,
జనం మాత్రం మన జిల్లాపాటే."

తిత్లీ మా తోటల్ని పడుకోబెట్టిన ఏడు నుంచి
విశాఖ రేవు దిగి, లారీ ఎక్కి
ఆ దేశం కాశీబుగ్గ వస్తూనే ఉంది.
ఉడకేసి, ఆరబెట్టి,
కత్తిమిషను పెడలు తొక్కితే
అక్కడి పిక్కా ఇక్కడి పిక్కలాగే విచ్చుకుంటుంది.
సొన కూడా అంతే.
ఆముదం రాసుకున్నా వేలిముద్రలు తినేస్తుంది.
రేషను మిషను నా బొటనవేలిని
నాది కాదనబట్టి ఆర్నెల్లు.

టీ వేళ జోగారావు చెప్పాడు.
వాళ్ళకొకప్పుడు సొంత డబ్బుండేదట, పెసో అని.
నోటు తాలులా తేలిపోతుంటే
పొరుగు దేశాల సంఘంలో చేరిపోయారట.
ఎనిమిది దేశాలకి ఒకటే నోటు.
దాని మీద మనిషి బొమ్మ లేదు, చేప.
"మంచిదే," అంది ఢిల్లమ్మ,
"సేపకి నా దేసం నీ దేసం ఉండదు."
పేరులో ఢిల్లీ ఉందిగానీ
ఆవిడ బరంపురం దాటి ఎరగదు.

మా సంఘంలో పదకొండుమందిమి.
వారానికి యాభై. రేకు పెట్టె, రెండు తాళాలు,
ఒక తాళం గొరకల హేమసుందరి మొలలో,
ఒకటి నా మెడలో.
ఇప్పుడు పెద్ద సమాఖ్య రమ్మంటోంది.
ఏడు లక్షలు అప్పిస్తారట,
పిక్కల బేరం వాళ్ళే చూస్తారట,
వడ్డీ ఎంతో కూడా వాళ్ళే చెప్తారట.
నూటనలభై సంఘాలు. మాకొక చెయ్యి,
ఎత్తడానికి.

"ఒక్క పిక్కకి ఎవులు రేటు కడతారే?
కిలో అయితేనే బేరం," అంది హేమసుందరి.
"కిలోలో పడ్డాక
ఏ పిక్క ఎవులిదో ఎవులికి తెలుస్తాది?"
ఢిల్లమ్మ చేటలోంచి తలెత్తలేదు.

నూటెనభై, రెండొందల నలభై, మూడొందల ఇరవై.
పౌనుకి ఎన్ని గుండ్లు తూగితే అదే నెంబరు.
చిన్నవాటికి పెద్ద నెంబరు, చిన్న ధర.
ఇది బుర్రకెక్కడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఢిల్లమ్మ మొగుడికి ఒళ్ళంతా నీరు పట్టిన రాత్రి
పలాస ఆస్పత్రికి ఆటో కట్టించింది మా పెట్టే.
పుస్తకం తియ్యలేదు, తీర్మానం రాయలేదు,
లాంతరు వెలుగులో రెండు తాళాలు తిరిగాయి, అంతే.
అదీ నిజమే.
ఆ తరవాత నాలుగు నెలలు
పెట్టెలో గచ్చకాయ లేకపోవడమూ నిజమే.
హేమసుందరి కూతురు ఫీజు కట్టలేక
అదే చేటల ముందు కూర్చుంది.

బుధవారం చేరిపోయాం.
పుస్తకం మీద నా వేలు మూడుసార్లు నొక్కారు,
మూడుసార్లూ నల్లటి మచ్చే,
గీతల్లేవు.
"సంతకం వచ్చా?" అన్నాడు కుర్రాడు.
రాదన్నాను.
"పర్లేదు, అందరితో కలిపి ఒక స్టాంపు వేసేస్తాం."

తాళాలు మాత్రం ఇవ్వలేదు. అతనూ అడగలేదు.
సోమవారం మళ్ళీ హేమసుందరి అరుగు మీద
తలో ఇరవై వేశాం, ఎవరికీ చెప్పకుండా.
ఇది తప్పో ఒప్పో ఆ దేశంలో ఎవరినైనా అడగాలి.
పిక్కలేరి ఈ గోనెలో పోసినావిడ
రాత్రిపూట కుండలోనో, కొప్పులోనో
ఏదైనా దాచుకుంటోందా?
దాన్ని ఏ డబ్బు అంటోంది?

ఖాళీ గోనె ఒకటి ఇంటికి తెచ్చాను,
గుమ్మంలో పరుద్దామని.
పరిచాక కాలు పడలేదు.
ఎంతైనా దేశం.
దండెం మీద వేశాను, వానొచ్చేలా ఉంది,
తియ్యాలి.