ముప్పై మూడు బూట్లు

వాన గురించి మా దీవిలో ఎవరూ మాట్లాడరు.
చేపకు నీళ్ళ గురించి చెప్పడానికేముంటుంది?
ఏప్రిల్లో పట్టుకున్న ముసురు
సెప్టెంబరు దాకా చిలొయే మీదే కూర్చునుంటుంది.
అందుకే మా బడిలో ముందు కనబడేవి పిల్లలు కాదు, బూట్లు.
పదిహేడు మందికి ముప్పై నాలుగు రబ్బరు బూట్లు.
వాటి నిండా బురద, సముద్రపు నాచు,
ఒక్కోసారి బతికున్న పీత.

నేను పంతులమ్మను కాను.
వంటగది కిటికీ దగ్గర
ఊదారంగు బంగాళాదుంపలకు చెక్కు తీసేదాన్ని.
అక్షరాలు ఆవిడ పని, ఆకళ్ళు నా పని.
అయినా కిటికీ ఉన్నాక కళ్ళు ఊరుకుంటాయా.

ఆన్సెల్మో చలికాలం మొదట్లో వచ్చాడు.
ఐదేళ్ళు. బెల్లం కొట్టిన రాయి.
చేతులు జేబుల్లోంచి తీయడు.
రంగు పెన్సిలు ఇస్తే
ఎవరో పారేసుకున్నదైనట్టు
మెల్లగా డబ్బాలో పెట్టేస్తాడు.
ఎందుకలా అంటే ఊళ్ళో మూడు కథలు చెప్పారు.
ఎదువీనా టీచరు ఒక్కటీ వినలేదు.
కాస్త్రో నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు
కాగితం మీద ఒక గడిలో టిక్కు పెట్టి
"మాట్లాడించండి" అన్నాడు,
కుళాయి తిప్పండి అన్నంత తేలిగ్గా.

ఆవిడ మాట్లాడించలేదు.
మర్నాడు పొద్దున వాడి పక్కన నేల మీద కూర్చుని
"ఈ బూట్లతో వేగలేకపోతున్నాను, కాస్త చూస్తావా" అంది.
జవాబు కోసం ఆగకుండా లేచి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి
జేబులోంచి ఒక చెయ్యి బయటికొచ్చింది.
ఎర్ర బూటు పక్కన ఎర్ర బూటు.
రెండూ కుడివే.
తీసేశాడు. మళ్ళీ వెతికాడు.

ఆగస్టు నాటికి కట్టెల పొయ్యి చుట్టూ బూట్లు కొలువుదీరేవి.
చిన్నవి వెచ్చదనానికి దగ్గరగా, పెద్దవి వెనగ్గా,
చిరుగున్నవి బోర్లా.
రెండు, నాలుగు, ఆరు...
పెదాలు కదిలేవి, శబ్దం ఉండేది కాదు,
చర్చిలో ముసలమ్మల జపంలా.
ఒకరోజు రొసెందా ఏడుస్తుంటే
వెచ్చబడ్డ ఆమె బూట్లు తెచ్చి
ఒళ్ళో పెట్టి వెళ్ళాడు.

ఆగలేకపోయింది నేనే.
వేడి దుంపరొట్టె చూపించి
"అమ్మమ్మా అను, ఇస్తా" అన్నాను.
చెయ్యి మళ్ళీ జేబులోకి పోయింది.
మూడు రోజులు బయటికి రాలేదు.
ఎదువీనా నన్నొక్క మాట అనలేదు.
ఆ రోజు ఉల్లిపాయలే నా పరువు కాపాడాయి.

సెప్టెంబరులో, తెరిపివ్వని ఒక మంగళవారం,
వాడు వరస చూశాడు.
మళ్ళీ మొదట్నుంచి చూశాడు.
బెంచీ కింద వంగాడు, తలుపు వెనక వెతికాడు,
గది మధ్యకొచ్చి నిలబడి
"ఒకటి తక్కువ" అన్నాడు.

వాడకం లేని గడియ తీసినట్టుంది ఆ గొంతు.
నా చేతిలో దుంప జారి బకెట్లో పడింది.
ఎదువీనా చప్పట్లు కొట్టలేదు, ఎత్తుకోలేదు.
వీపు ఇటుంది, ముఖంలో ఏముందో నాకు తెలీదు.
"ఎవరిది?" అంది,
రోజూ మాట్లాడే పిల్లాడిని అడిగినట్టు.

"యాస్నాది. ఎడమది."
యాస్నా బురదమేజోడు బల్ల కింద దాచుకుంది.

పలక మీద కూడికలు అలాగే ఉండిపోయాయి.
పదిహేడు మంది, ఒక పార,
వానలో దిగుడుబాట దాకా.
బురద ఆ బూటును వదల్లేక వదుల్తూ
పెద్దగా ఓ చప్పుడు చేసింది.
ఆ నవ్వులు వంటగది దాకా వినబడ్డాయి.
అందులో వాడిది ఏదో పోల్చుకోలేకపోయాను,
ఎప్పుడూ విని ఉంటే కదా.

ఆ పూట లెక్కల పాఠం జరగలేదని
రిజిస్టరులో రాసి ఉంది.

అన్నట్టు, వాడు నన్నిప్పటికీ అమ్మమ్మా అనడు.
"ఒర్తెన్సియా" అని పేరు పెట్టే పిలుస్తాడు,
దుంపరొట్టెలు రెండు తీసుకుంటాడు.