ఊదుడు గది

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో నా గది నంబరు పదకొండు.
తలుపు మీది ఇంగ్లీషు పేరు ఎవరూ చదవరు,
"ఊదుడు గది ఎక్కడమ్మా" అని అడిగి వస్తారు.
ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి అట్టగొట్టం ఇచ్చి
రోజంతా నేననే మాట ఒక్కటే:
ఊదు. ఊదు. ఇంకా, ఇంకా, ఇంకా. ఆపకు.

జీడిపిక్కలు కాల్చే పలాస ఆడవాళ్ళు ఊదారు.
టెక్కలి క్వారీలో రాయి తొలిచేవాళ్ళు ఊదారు.
రైసుమిల్లు దుమ్ము పీల్చిన ఒక పెద్దాయన
గీత మొదలవకముందే దగ్గి, నాకు క్షమాపణ చెప్పాడు.
ఎవరి ఊపిరి ఏ పనిలో ఖర్చయిందో
గీత చూస్తే చూచాయగా తెలిసిపోతుంది నాకు.

మొన్న మంగళవారం మా అక్క కొడుకు వచ్చాడు.
గేదెల లోహిత్, పంతొమ్మిదేళ్ళు.
కళింగపట్నం ఇసకలో చెప్పుల్లేకుండా పరిగెత్తేవాడు.
ఆర్మీ సెలక్షనుకి పదహారొందల మీటర్లు,
దసరాకి ఐదు నిమిషాల పదిహేను సెకన్లు.
ఇప్పుడు మూడో రౌండుకే డొక్క పట్టుకుంటున్నాడు.
"చలికి, పిన్నీ" అన్నాడు.

ఊదమన్నాను.
గీత నిటారుగా లేచింది, అంతలోనే చతికిలబడింది.
గొట్టం తీస్తే మామిడిపండు వాసన.
పుష్యమాసంలో, పిందె కూడా పడని రోజుల్లో
ఎక్కడి మామిడిరా ఇది?

జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.
లిప్‌స్టిక్కంత ఉంది, నీలం రంగు.
ఏడురోడ్ల జంక్షన్లో సెల్ కవర్లమ్మే కొట్లో
బల్ల కిందనుంచి ఇచ్చారట. నిషేధమని తెలుసట.
"పొగ కాదు పిన్నీ, ఆవిరి" అన్నాడు,
ఆవిరికుడుము గురించి చెప్పినంత తేలిగ్గా.

ఆవిరే అయితే పరీక్ష మధ్యలో
జేబెందుకు తడుముకున్నావని అడగలేదు.
డాక్టరుగారి దగ్గరికి పంపాను.
ఆయన చాలాసేపు చెప్పారు. నికోటిను,
తీగ వేడెక్కి వదిలే లోహపు నలుసులు,
తినడానికే తప్ప పీల్చడానికి కాని సువాసనలు.
చివర్న కళ్ళజోడు తీసి,
"ముప్పై ఏళ్ళకి ఏమవుతుందో మాకూ తెలీదు బాబూ,
దీన్ని పీల్చినవాళ్ళింకా ముసలివాళ్ళు కాలేదు" అన్నారు.
వాడికి ఆ "తెలీదు" ఒక్కటే వినబడింది.

సాయంత్రం అమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.
మా అమ్మ తవిటమ్మ నలభయ్యేళ్ళు చేపలగంప మోసింది.
నలభయ్యేళ్ళూ అడ్డపొగ.
చుట్ట నిప్పు నోటి లోపలికి, చల్లటి కొస బయటికి.
సముద్రపు గాలికి ఆరదు, చేతులు గంపకి మిగులుతాయి.
ఇప్పుడామె అంగిట్లో, కోసి తీసిన చోట,
రూపాయి బిళ్ళంత కన్నం.
గంజి ముక్కులోంచి రాకుండా దానికో ప్లాస్టిక్ మూత.

ఆ నీలం గొట్టాన్ని అరచేతిలో తిప్పి చూసింది.
వాసన చూసింది. ఎందుకో చెవి దగ్గర పెట్టుకుంది.
ముక్కుతో వచ్చే మాటల్లో అడిగింది:
"నిప్పేదిరా దీనికి?"
"నిప్పుండదమ్మమ్మా. అదే కదా దీని గొప్ప."
"ఓలమ్మ! నా నిప్పు నాకు తెలిసీది.
అంగుడు సుర్రుమంటే ఉమ్మీసీదాన్ని.
అలాటిదాన్ని, నాకే ఇలాగైపోనాది.
నువ్వు ఏటి సూసి ఉమ్ముతావురా గుంటడా?"

వాడు నేల చూశాడు.
వెళ్ళేటప్పుడు అది తిరిగి అడగలేదు,
మానేస్తాననీ అనలేదు.
అమ్మ దాన్ని తన పాత చుట్టల డబ్బాలో వేసి మూత పెట్టింది.
పొద్దున్న డబ్బా తెరిస్తే
ఇన్నేళ్ళ పొగాకు కంపు పోయింది. మామిడి.

ఈవేళ ఐదున్నరకి ఫోను మోగింది.
"ఆరు నిమిషాల పది" అన్నాడు, అంతే.
ఆ అంకె వెనక అలల చప్పుడు,
అలల ముందు వాడి ఊపిరి,
ఎక్కడో సన్నగా పిల్లనగ్రోవిలా ఈల.
నేనేమీ అనలేదు, ఫోనూ పెట్టలేదు.
చెవికి ఆనించుకుని
లెక్కపెడుతున్నాను.