చిల్లర

గూడూరు డిపోలో నాలుగు రోజులు సెలవడిగితే
"రోజూ ఊళ్లు తిరిగేవాడివి, నీకు మళ్లీ ఊరేందయ్యా" అన్నాడు మేనేజరు.
పంతొమ్మిదేళ్లు కుడిభుజానికి తోలుసంచి తగిలించుకున్నవాణ్ణి.
ఇప్పుడు సంచి వీపుకెక్కింది.
రెండు భుజాలకీ సమానంగా బరువుండటం
కొత్త చెప్పుల్లా ఉంది.

సెంట్రల్లో దిగాం, నలుగురం, నాలుగు సంచులు.
రూతమ్మ సంచిలో దుప్పటి, చింతకాయ పచ్చడి, మోకాళ్ల మందు.
షారోను సంచిలో పట్నం పటం, రంగు పెన్సిళ్లతో తనే గీసుకొచ్చింది,
సముద్రం మాత్రం అట్ట చాలక సగమే.
ఆషేరు సంచి ఎవర్నీ తాకనివ్వడు.
ఎనిమిదేళ్లవాడికి
అంత పెద్ద మూపురం!

ఉక్కపోత. చొక్కా వీపుకీ, వీపు సంచికీ అతుక్కుపోయాయి.
ఆర్మేనియన్ల గుడి ఆవరణలో నేలంతా సమాధి రాళ్లే,
తొక్కకుండా నడవాలంటే
తొక్కుడుబిళ్ల ఆడినట్టు గెంతాలి.
రాళ్లమీది లిపి ముగ్గులా ఉంది, ముగ్గు కాదు.
"ఇంతదూరం వచ్చి చచ్చిపోయారా" అంది రూతమ్మ.
"వ్యాపారానికొచ్చారమ్మా" అంది షారోను.
తిరుగు టిక్కెట్టు తీసుకోలేదన్నమాట, అన్నాను.
ఎవరూ నవ్వలేదు.
గంటగోపురం మీద పావురాలు కూడా.

బీచి స్టేషను ఎదురుగా బర్మా నుంచి తరలివచ్చినవాళ్ల బండి,
నారింజరంగు సేమ్యాల మీద వేయించిన ఉల్లిపాయలు.
"దీని పేరు అత్తో" అన్నాడు బండాయన.
"ఎవరి అత్తో?" అన్నాడు ఆషేరు.
వాడికి ఆ పూటంతా అదే నవ్వు.

బ్రాడ్వేలో ఎక్కిన బస్సులో
ఊపిరి కూడా నిలబడే ప్రయాణించాలి.
కండక్టరు కోసం చూస్తున్నా. రాడే!
వెనక తలుపు పక్కన సీట్లో కూచున్నాడు మహానుభావుడు.
నేనైతే తోసుకుంటూ, తిట్లు తింటూ
బస్సులోనే ఎన్ని మైళ్లు నడుస్తానో
నా మడమల్ని అడగాలి.
ఇక్కడ నడిచేది డబ్బు.
నా వందనోటు పక్కాయన అందుకున్నాడు,
పూలబుట్టమ్మకిచ్చాడు, ఆమె ఓ కాలేజీ కుర్రాడికి,
వాడు ఫోనులోంచి కళ్లెత్తకుండానే ఇంకెవరికో.
నోటుతోపాటే నా ప్రాణమూ చేతులు మారింది.
లెక్క తప్పి జీతంలోంచి కట్టిన రాత్రులు గుర్తొచ్చాయి.
"సిల్లరై! సిల్లరై!" వెనకనుంచి కేక.
బతుకంతా నేనరిచిన మాటే
'చ' విప్పి 'స' తొడుక్కుని
నాకే ఎదురొచ్చింది.

తిరిగొచ్చింది, అవే చేతుల మీదుగా.
ఆడవాళ్లకి ఉచితమట, మాకు ఒకటిన్నర టిక్కెట్టు,
మిగతాది నోట్లు తక్కువ, నాణేలెక్కువ.
చిల్లర వదిలించుకునే విద్య ఏ ఊరి కండక్టరుకైనా ఒకటే.
లెక్కపెట్టా. మళ్లీ లెక్కపెట్టా.
రూపాయి తగ్గలేదు.
నేనూ మీవాణ్ణేనయ్యా అందామనుకున్నా,
దిగుతూ తలూపాను.
ఆయన చూడలేదు. ఇంకెవరిదో నోటు దారిలో ఉంది.

శాంతోమ్ వెనక సముద్రం దగ్గర సంచులు దించాం.
వలలు బాగుచేస్తున్న పెద్దాయన
కాస్త జరిగి చోటిచ్చాడు, పని ఆపలేదు.
షారోను పటం విప్పి
సగం సముద్రం పక్కన మిగతా సగాన్ని చూస్తోంది.
అలకి తడిసి ఆషేరు సంచి జిప్పు ఊడింది.
లోపల పాత పేపర్లు.
ఉండలు చుట్టిన పాత పేపర్లు, అంతే.
"అందరికీ బరువుంది, నాకే లేదు" అన్నాడు, ఇసకవైపు చూస్తూ.

రూతమ్మ నావైపు చూసింది.
తడిసిన ఉండలు తీసేసి
జేబులో చిల్లరంతా
వాడి సంచి అడుగున పోశాను.

దీపాలు దూరదూరంగా ఉన్నాయి తిరిగి నడిచే దారిలో.
వాడు ముందు పరుగెడుతున్నాడు, కనబడటం లేదు,
గలగలమంటూ ఒక చప్పుడు మాత్రం.
నా కుడిచెయ్యి దానంతటదే
లేని తోలుసంచి మీదికి వెళ్లింది.