నలభై ఏడో చీటీ

పాత రిజిస్టరు వెనక పేజీలు
నాలుగు ముక్కలు చేసి చీటీలు చింపుతాను.
ఆస్పత్రికి ఒక కత్తెర ఉంది కానీ
దాన్ని కాన్పుల గది దాటి రానివ్వరు.

చీటీ మీద జబ్బు పేరుండదు.
అంకె, తేదీ, ఒక్క మాట:
'వచ్చి కలవండి.'
ఈ ఒక్క మాటకి జడిసి
ఎంతమంది మగవాళ్లు పడవలెక్కి
మలావీ సరస్సు నడిమధ్యకి వెళ్లిపోయారో.

లెడినా వేలి కొసన పొడిచి
చుక్క రక్తం తీశాను.
పదిహేను నిమిషాలు ఆగాలి.
ఆ పదిహేను నిమిషాలూ ఆమె
ఉసిపా చేపల ధర చెప్పింది,
వాన ఒక్క పూట ముందొస్తే
ఎండేసిందంతా ఎలా పురుగు పడుతుందో చెప్పింది.
రెండు గీతలు లేచాయి.

ఐదో నెల.
అంతకు ముందు ఇద్దరు పుట్టారు, ఏడవలేదు.
అమ్మమ్మ వాళ్లని తెల్లారకముందే పూడ్చి వచ్చి
మనవరాలి మొలకి తాయెత్తు కట్టింది.
ఆ తాయెత్తుని కాస్త పైకి జరిపి
ఈ పక్కొకటి, ఆ పక్కొకటి, సూది గుచ్చాను.
పెన్సిలిన్ చిక్కటి పాలలా ఉంటుంది, తొందరగా దిగదు.
'ఎవరి మీది కోపం సిస్టర్, నా మీద?' అంది.
తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

సుఖవ్యాధి అని దీనికి పేరు పెట్టినవాడు
తన సుఖం సంగతే రాసుకుని ఉంటాడు.

నలభై ఏడు అని వేసి చీటీ చేతికిచ్చాను.
చిల్లర డబ్బులతో కలిపి కొంగున ముడేసింది.
'ఆయనకి చదవడం రాదు.'
'నువ్వు చదివి వినిపించు.'
'వినడమూ రాదు.'

రెండో గురువారం వచ్చింది, ఒక్కతే.
మూడో గురువారం కూడా ఒక్కతే.
చీటీ ఏదని అడిగితే
'చొక్కా జేబులో పెట్టాను.
ఆ చొక్కా ఇంకా ఇంటికి రాలేదు.'
ఆఖరి సూది పొడిచి
అరగంట కూర్చుని వెళ్లమన్నాను.

అప్పుడొచ్చింది ఇంకో మనిషి,
చిపోకా రేవు నుంచి, సైకిలు వెనక కూర్చుని,
మడమల దాకా బురద.
పేరు ఫాలెస్.
గుప్పిట విప్పితే
నా చేతిరాత.
నలభై ఏడు.

'మా ఇంట్లో ఒకాయన మర్చిపోయిన చొక్కాలో ఉంది.
చేపల బాకీ అనుకున్నాను.
మా అమ్మాయి చదివింది. వచ్చి కలవమని ఉందట.
ఎవర్నో లేదు, ఎవరు రావాలో లేదు.
కడుపులో పోటు నాకూ ఉంది కదా అని
నేనే వచ్చాను.'

పందొమ్మిదేళ్లుగా రాస్తున్నాను ఈ చీటీలు.
రమ్మన్నవాడు రాడు.
వాడి దారిలో ఉన్నవాళ్లు వస్తారు.

బల్ల ఒక్కటే. మధ్యలో జానెడు ఎడం.
నాకు తెలుసు.
నా నోటికి కుట్టు ఉంది,
ఉద్యోగంలో చేరిన రోజు నేనే వేసుకున్నది.
లెడినా ఒక పక్కకి ఒరిగి కూర్చోవడం చూసి
ఫాలెస్ జరిగి చోటిచ్చింది.
'సూదా?'
'సూదే.'
'బాగా నొప్పా?'
'ఊపిరి బిగబట్టకు. బిగబడితే ఎక్కువ.'
కాల్చిన కర్రపెండలం విరిచి
పెద్ద ముక్క కొత్తామెకిచ్చింది.

ఫాలెస్ వేలు పొడిచాను.
మళ్లీ పదిహేను నిమిషాలు.
గడియారం కింద ఇద్దరూ
ఉసిపా ధర దగ్గర మొదలుపెట్టారు.
చిపోకాలో బుట్టకి ఎంత, ఇక్కడెంత,
పడవవాడు డబ్బొద్దంటే
ఇంకేం అడుగుతాడు.
ఆ మాట దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగారు.

ఫాలెస్ కాళ్ల దగ్గర సంచీ.
'ఆ చొక్కా ఉతికి తెచ్చాను సిస్టర్,
ఎవరిదైతే వాళ్లకి...'
మూతి దగ్గర నీలం కాలరు
అప్పుడే బయటికి వస్తోంది.
'తర్వాత' అన్నాను.
చీటీ కోసం కాగితం చింపుతూ చింపుతూ
సంచీని కాలితో
బల్ల కిందికి నెట్టాను.

మొదటి గీత వచ్చింది.
ఇంకా ఆరు నిమిషాలుంది.