గుడ్ అంటే

మండిబజార్ల గడియారాల దుకాణం నాది.
కంటికి అద్దం బిగించి
పండ్లచక్రాలు లెక్కవెట్టేటోనికి
నాణెం జూసుడు ఎంత పని అని
దస్తగీర్ సాబ్ పక్కన కూసోవెట్టుకున్నడు.

అంచులు పట్టు, ముఖం ముట్టకు అన్నడు.
దాని మీద ఊపిరి ఇడువకు అన్నడు.
ఇంకేదో చెప్పేలోపట నేనే అడిగిన:
'నల్లగున్నది, తోముదునా సాబ్?'
చాయ్ కప్పు కిందవెట్టి
మసీదుల చెప్పులతోని నడిచినోణ్ణి జూసినట్టు
జూసిండు నన్ను.

బల్బు కింద జెర్రంత వంచాలె.
కొత్త నాణెం మీద వెలుగు నిలువది,
వరిచేన్ల గాలి లెక్క చుట్టు తిరుగుతది.
అరిగినదాని మీదికి
వచ్చి కూసుంటది, గంతే.

చార్మినార్ రూపాయిల
ముందుగాల పొయ్యేది మినార్ల కొసలు.
ఎత్తుగున్నయి గదా,
లోకం మొదలు వాటికే తాకుతది.
దర్వాజల నిలవడ్డ ఐన్ అక్షరం
చాన రోజులు ఓర్సుకుంటది.

పేర్లు మాత్రం అన్నీ ఉల్టా.
ఫైన్ అంటే సగం అరిగిందని.
గుడ్ అంటే, బొమ్మ ఉన్నదని
నువ్వు నమ్మాలె.
తమ్ముడు ఫోన్ జేసి ఎట్లున్నవంటే
గుడ్ అన్న ఒకనాడు,
అని, నేనే ఉలిక్కివడ్డ.

సాబ్ పోయిన ఏడాదికి, మిరుగు దాటినంక,
నెక్కొండ అవతలి తండా నుంచి
అజ్మీరా కోమ్లి వచ్చింది.
బోరు మోటరు కాలిందట.
కొంగుముడి ఇప్పి
ఐదు రూపాయలు మేజా మీద గుమ్మరిచ్చింది.
ఆ సప్పుడుకు సాబ్ ఉంటే చెవులు మూసుకునేటోడు.

తళతళ మెరుస్తున్నయి.
నా గుండె జారింది.
'చింతపండు, బూడిద వెట్టి రాత్రంత తోమిన,
బజారుకు మురికివి ఎట్ల తెస్త?'

ఎనభై ఏండ్ల నలుపు
ఒక్క రాత్రిల పాయె.
ధర ఉన్నదే ఆ నలుపుకు.
గిది ఎట్ల చెప్పాలె?

అద్దం వెట్టుకున్న.
పైన కొండి అతికిన టాకా మచ్చ.
మినార్లు లేవు.
కని ఇవి బజార్ల అరిగినయి కావు,
ఒక్క దిక్కే నున్నగయినయి,
రొమ్ముకు ఆనిన దిక్కు.
రైకకు, చెమటకు,
మక్కచేన్ల వంగిన ప్రతిసారికి ఇంతింత.
ఒకదాని అంచుకు లోతు గాటు.
'కొడవలి జారింది,' అన్నది,
'మా యాడి మెడల ఉన్నప్పుడు.
రూపాయికి తాకింది, యాడికి తాకలే.'

అంచుదెబ్బ ఉంటే ఇంకో మెట్టు కిందికి.

వెండి తూకమే వస్తదని చెప్పిన.
ఆమె కోపం జెయ్యలే.
మక్మల్ గుడ్డ మీదిదాన్ని జూస్తున్నది.
'గిదేంది, ఇయ్యాల కొట్టినట్టున్నది?'
టంకశాలల నుంచి సీదా పెట్టెలకు పోయిందని,
ఎవ్వల చేతుల పడలేదని,
నీ ఐదిటికి ఇరువై ఇంతల ధర అని
కొంచెం గర్వంగనే చెప్పిన.

కోమ్లి వంగి, దగ్గరికెల్లి జూసింది.
'ఎవ్వల చేతులా పడలేదా?
అయ్యో, పాపం.'

నాలుగు తూకమేసిన.
కొడవలి తాకినదాన్ని మల్ల కొంగున కట్టుకున్నది.
పైసలు మోటరుకు సరిపోతయా
ఆమె చెప్పలే, నేను అడుగలే.
పుష్‌పుల్ బండికి యాళ్లయిందని
స్టేషన్ దిక్కు ఉరికింది.

అట్టచట్రాలల్ల వెట్టి పెన్సిల్‌తోని రాసిన:
తోమినది. టాకా మచ్చ. గుడ్.
అబద్ధమేం రాయలే.

షట్టర్ దించే ముంగట
మక్మల్ మీదిదాన్ని అంచులు పట్టి లేపిన.
వెలుగు చుట్టు తిరుగుతనే ఉన్నది,
దిగేతందుకు జాగ దొరకనట్టు.
బొటనవేలు దాని ముఖం దాక తీసుకపోయిన.
ఒక్క రుద్దు,
ఒక్కటి సాలు.

ఆపిన.
ధర తెలిసినోణ్ణి గదా.